వడ్ల కళ్లంలో దారం రీళ్లు

రండి, ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుంటారో, కాళ్లు చాపుకుంటారో మీ ఇష్టం. చేతిలో చిక్కుడుకాయలో, బట్టల మడతలో ఉంటే వాటినీ తెచ్చుకోండి. నేను చెప్పేదానికి చెవులుంటే చాలు.

నేను చదివింది నాలుగో తరగతి దాకానే. పేరు రాస్తాను, అంకెలు గుర్తుపడతాను, బస్సు బోర్డు చదువుతాను. కానీ ఒకసారి చూసిన రంగును, ఒకసారి విన్న గొంతును మరిచిపోను. మా పెద్దాడపడుచు పెళ్లిలో వంట దగ్గర కూర్చున్న ఆవిడ కట్టుకున్న చీర అంచు ఎలా ఉందో ఈరోజుకీ చెప్పగలను. ఆ గుర్తే నాకు సూర్యాపేటలో నాలుగేళ్లు అన్నం పెట్టింది.

కరోనా పోయాక మార్కెట్ వెనక సందులో, మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని ఒక మేడమ్ దుకాణం పెట్టింది. దుకాణం అంటే షట్టరు, కౌంటరు ఏమీ లేవు. అంతా ఫోన్లోనే. మగ్గం వర్క్ చేసేవాళ్లకు, పట్టుదారం గాజులు చేసేవాళ్లకు కావలసిన దారాలు, పూసలు, కుందన్లు, జరీ ఫోటోలు తీసి పెడితే, ఊరూరి ఆడవాళ్లు చూసి ఆర్డరిచ్చేవాళ్లు. మేము కట్టకట్టి కొరియర్లో వేసేవాళ్లం. మేడమ్‌ది మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న ఇల్లు. ఆ ఇంటి కోడలు. మంచి మనిషి, నన్ను "అక్కా" అనే పిలిచేది, తను తాగే చాయ్‌లో నాకూ సగం పోసేది. ఇది ముందే చెప్తున్నా, తర్వాత నేను చెప్పేవి విని ఆమెను చెడ్డది అనుకోవద్దు.

నా పని దారాలు. పట్టుదారం రీళ్ల మీద నంబరుంటుంది. ముప్పై ఏడో నంబరంటే వక్క రంగు. కానీ కంపెనీవాళ్లు ఒకసారి అద్దిన రంగు మరోసారి అచ్చం అలాగే రాదు. నిన్న పెట్టిన పులుసు, ఈరోజు పెట్టిన పులుసు ఒకే గిన్నెలో, ఒకే చేత్తో పెట్టినా కొంచెం తేడా ఉంటుంది కదా, అలాగే. ఒకసారి వచ్చిన వక్క రంగు ఎరుపు వైపు మొగ్గుతుంది, ఇంకోసారిది మట్టి వైపు మొగ్గుతుంది. అందుకే ఒకసారి వచ్చిన పెట్టెను ఒక లాట్ అంటారు. ఒక లాట్‌ది ఇంకో లాట్‌తో కలపకూడదు.

లాట్ కాగితాల మీద చిన్న ఇంగ్లిష్ అక్షరాలుంటాయి, అవి నాకు రావు. నాకు నా గుర్తులున్నాయి. ఒక పెట్టె వాన రోజున వచ్చింది. ఆటోలోంచి దింపేటప్పుడు నా చీర కొంగు కప్పి మెట్లెక్కించాను. అది వాన పెట్టె. ఇంకోటి మేడమ్ కొడుకు పుట్టినరోజున వచ్చింది, అది కేకు పెట్టె. మరోటి మూత చినిగి వచ్చింది, అది చినుగు పెట్టె. ఒక్కో దాన్ని ఒక్కో రేకు డబ్బాలో పెట్టి, డబ్బా పిడికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టేదాన్ని. ఏ ఊరి ఆవిడకు ఏ పెట్టెలోంచి ఇచ్చానో నా తలలో ఉండేది.

ప్రతి ప్యాకెట్‌లో ఒక చీటీ వేసేవాళ్లం. దాని మీద ఒక ఫోన్ నంబరు. ఆ ఫోను నా దగ్గరే ఉండేది. పగలంతా మోగేది.

"అక్కా, మొన్న పంపిన వక్క రంగే కావాలె. గదే రావాలె సుమా."

"నీది కేకు పెట్టె చెల్లె. ఇంకా ఉన్నయ్ తియ్యి, పంపుతా."

"ఏం పెట్టె?"

"నీకెందుకు గాని, గదే రంగు వస్తది."

ఇట్లా నడిచేది. నన్ను వాళ్లు దారం అక్క అనేవాళ్లు. ఒక్కరి మొహమూ నేను చూడలేదు, గొంతులే.

ఆ గొంతుల్లో ఒకటి కోదాడ ఆవిడది. నాకంటే చిన్నదే అయినా నేను కోదాడక్క అనేదాన్ని, ఆమె నన్ను అక్క అనేది. కోదాడ వాళ్ల మాటలో కొంచెం ఆంధ్రా యాస కలుస్తుంది, అండీ అనకుండా మాట పూర్తికాదు. ఆమె పన్నెండేళ్లు వేరే వాళ్ల దుకాణంలో, వేరే వాళ్ల మగ్గం ముందు కూర్చుని కుట్టింది. కుట్టింది ఆమె, పేరు దుకాణానిది. ఒకరోజు ఫోన్ చేసి చెప్పింది.

"అక్కా, సొంత మగ్గం కొన్నానండి. మా ఇంట్లోనే పెట్టాను, కిటికీ పక్కన."

"మంచి పని చేసినవ్. ఆర్డర్లు వస్తున్నయా?"

"ఒక పెళ్లి జాకెట్టు వచ్చిందండి. ముహూర్తం జాకెట్టు. మీగడ రంగు పట్టు మీద వక్క రంగు పని. పెళ్లికూతురు వాళ్లు మా కోదాడలో తెలియనివాళ్లు లేరు. ఇది బాగా కుదిరితే నలుగురూ వస్తారు. కుదరకపోతే మళ్లీ వెళ్లి ఆ దుకాణంలోనే కూర్చోవాలి. వాళ్లు ఆ మాట కోసమే చూస్తున్నారక్కా. 'ఎన్నాళ్లుంటావులే' అన్నారు నేను వచ్చేసేటప్పుడు."

ఆమెకు వాన పెట్టెలోంచి అయిదు రీళ్లు పంపాను. వాన పెట్టె వక్క రంగు ఎరుపు వైపు మొగ్గుతుంది, మీగడ రంగు మీద బాగా తేలుతుంది. అది ఆలోచించే పంపాను.

ఇక మా దుకాణంలో జరిగింది చెప్తాను.

మొదట పోయింది ఫోను. మేడమ్ ఏదో ఆన్‌లైన్ క్లాసులో చేరింది. వ్యాపారం పెంచుకునేది ఎలాగో చెప్పే క్లాసు. అది అయిపోయిన వారానికి నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఫోన్లల్ల మాట్లాడుడు బంద్ చేద్దాం. ఒక్కొక్కల్లతోని గంట గంట మాట్లాడుతున్నవ్. ఇప్పుడంతా మెసేజే" అంది.

"గంట ఎక్కడిదమ్మా, అయిదు నిమిషాలు. ఏ రంగో అడుగుతరు, చెప్త."

"రంగు నంబరు ఉంటది గదక్కా. నంబరు కొట్టి ఆర్డర్ ఇస్తరు."

ఆ నంబరు మీద మెసేజ్ పెడితే ఒక జవాబు దానంతట అదే వెళ్లేది. "మీరు మాకు ఎంతో ముఖ్యం. త్వరలో సంప్రదిస్తాము." ఎవరు ఏం అడిగినా అదే. ఒకావిడ సూది అడిగింది, అదే జవాబు. ఇంకొకావిడ కోపంతో తిట్టింది, ఆమె కూడా మాకు ఎంతో ముఖ్యమైపోయింది.

తర్వాత మేడమ్ మామగారు వచ్చారు. మిల్లు ఆయనదే. పెద్దసారు అంటాం. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నడుస్తూనే అన్నీ చూసే కన్ను. దుకాణానికి పెట్టుబడి ఆయనదే కాబట్టి ఒకసారి చూసిపోదామని వచ్చారు. అల్మారాల ముందు నిలబడి డబ్బాలు లెక్కపెట్టారు.

"ఏందమ్మా, ఒక్క నంబరుకు నాలుగు డబ్బాలా? జాగంతా ఇవే ఆక్రమించినయ్."

మేడమ్ అంది, "లాట్లు మామయ్యా. అక్క వేర్వేరుగ పెడ్తది."

"లాట్లేంది? అన్నిటి మీద ముప్పై ఏడే ఉంది గదా."

నేను ఊరుకోలేక, "నంబరు ఒక్కటే సారూ, రంగు ఒక్కటి గాదు. జర వెల్తురుల పెట్టి చూడుండ్రి" అన్నాను.

ఆయన రెండు రీళ్లు తీసి ట్యూబులైటు కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. "నాకు రెండూ ఒక్కతీరుగనే కనవడ్తున్నయ్" అన్నారు. అది నిజమే. ట్యూబులైటు కింద నాకే కష్టం.

"చూడమ్మా," అన్నారు మేడమ్‌తో, "మన మిల్లుకు పెన్‌పహాడ్ వడ్లు వస్తయ్, నేరేడుచర్ల వడ్లు వస్తయ్. ఒకల్లవి జర నల్లగ, ఒకల్లవి జర తెల్లగ. అన్నీ ఒక్క కుండీల పోస్తం. కలిస్తే సగటు బియ్యమైతది, ఎవ్వరికి ఫరక్ కనవడది. తినేటోడు గింజ గింజకు ఊరి పేరడుగుతడా? ఇవ్వి గూడ అట్లనే. అన్నీ ఒక్క దాంట్ల పొయ్యండి."

నలభై ఏళ్లు మిల్లు నడిపిన మనిషి. బియ్యం విషయంలో ఆయన మాట తప్పని ఎవరూ అనలేరు. కలపడమే ఆయన విద్య. అన్నంలో కలిసిపోయేది జాకెట్టు మీద విడివిడిగా కనబడుతుందని ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆయన ఎప్పుడూ రెండు చేతుల జాకెట్టు కుట్టించుకోలేదు కదా.

మేడమ్ నా వైపు చూడకుండా, "కలుపక్కా" అంది.

నేను ఒక్కసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. ఇది నేను దాచను. ఉద్యోగం పోతుందనో, ఇంటి కోడలిని మామ ముందు ఇరికించడం ఎందుకనో, నోరు మూసుకున్నాను. నా చేతులతోనే గుడ్డపీలికలు విప్పి, వాన పెట్టె, కేకు పెట్టె, చినుగు పెట్టె, అన్నీ ఒక నీలం ప్లాస్టిక్ టబ్బులో గుమ్మరించాను. ముప్పై ఏడు ఒక్కటే కాదు, అన్ని నంబర్లూ అలాగే, నంబరుకో టబ్బు.

డబ్బాలు పోతే గదులు పెద్దవిగా కనిపించాయి. పెద్దవిగా కనిపించాక, ఇంత పెద్ద గదులకు కిరాయి ఎందుకన్న మాట వచ్చింది. మిర్యాలగూడ మిల్లులో గోనె సంచులు పెట్టే గది ఒకటి ఖాళీగా ఉందట. నెల తిరిగేసరికి అంతా మిల్లుకు చేరింది. నేను సూర్యాపేటలో పొద్దున బస్సెక్కి మిర్యాలగూడలో దిగేదాన్ని, సాయంత్రం మళ్లీ బస్సు.

ఆ గదికి ఒక్క చిన్న కిటికీ. ఆర్డరు కాగితం మీద పేరూ ఊరూ ఇంగ్లిష్‌లోనే, నాకు తెలిసేది రంగు నంబరొక్కటే, టబ్బులో చేతికి అందిన రీళ్లు కట్టి పంపడమే. బయట ఉప్పుడు బియ్యం ఉడికించే ఆవిరి, ఊక దుమ్ము. తెల్ల దారం రీళ్లు వారంలో గోధుమపిండి రంగుకు వచ్చాయి. జరీ ఆవిరికి నల్లబడింది. పొద్దున తుడవడం, మధ్యాహ్నం తుడవడం, సాయంత్రం మళ్లీ తుడవడం. నేను దారాలు అమ్మే మనిషినా, దారాలకు స్నానం చేయించే మనిషినా అని నవ్వుకునేదాన్ని.

ఒక సోమవారం, పదింటికి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఎవరో మాట్లాడుతున్నారు.

"ఇక్కడ దారం అక్క అని ఉంటారంటండి. ఉన్నారాండీ?"

మొహం చూడకముందే గొంతు తెలిసింది. నా చేతిలో గుడ్డ కింద పడింది. పరుగెత్తాను.

సన్నగా, పొడుగ్గా ఉంది. చంకలో తెల్ల పంచెలో చుట్టిన మూట. నన్ను చూసి కాదు, నేను మాట్లాడాకే గుర్తుపట్టింది.

"మీరేనా అక్కా! సూర్యాపేటలో ఉంటారనుకున్నాను. ప్యాకెట్ మీద మిర్యాలగూడ అడ్రస్ చూసి ఇటు వచ్చాను. ఎన్ని మెసేజ్‌లు పెట్టానో తెలుసా? నేను మీకు ఎంతో ముఖ్యమంట."

"కూసో ముందు. నీళ్లు తాగు. ఏమైంది?"

మెట్ల మీదే మూట విప్పింది. మీగడ రంగు పట్టు. మగ్గం నుంచి విప్పుకుని తెచ్చింది. వీపు పూర్తయింది, ఎడమ చెయ్యి పూర్తయింది. లతలు, మధ్యలో మామిడి పిందెలు, ఆకు అంచు దగ్గర సూది ఎక్కడ తిరిగిందో కూడా కనబడనంత సాఫీగా. కుడి చెయ్యి సగం అయింది. ఆ సగంలో రెండు ఆకులు ఎర్రగా, మూడు ఆకులు మట్టి రంగుగా.

"దారం అయిపోయిందని నాలుగు రీళ్లు తెప్పించానండి. అదే నంబరు. మబ్బు రోజు, లైటు వేసుకుని కుట్టాను, ఏం తెలియలేదు. పొద్దున్నే ఎండలో చూస్తే ఇదీ సంగతి. నాలుగు రీళ్లలో ఒక్కటీ పాత రంగు కాదు. శుక్రవారం పెళ్లక్కా. బుధవారం సాయంత్రానికి టైలర్‌కి ఇచ్చెయ్యాలి. పెళ్లికూతురు వాళ్లమ్మ రేపు చూడ్డానికి వస్తానంది. పాత దుకాణం వాళ్లకి తెలిస్తే నా పరువు పోద్ది."

ఏడవలేదు. ఇచ్చిన నీళ్లు ముట్టకుండా పక్కన పెట్టింది.

నేను ఆ ఎడమ చెయ్యి మీద వేలు పెట్టి చూశాను. వాన పెట్టె. ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఇది నా పనే అక్కా," అన్నాను. "నేనే కలిపిన. అన్నీ తీసుకపోయి ఒక్క టబ్బుల పోసిన."

"ఎందుకు కలిపారండీ?"

"కలుపుమన్నరు" అన్నాను.

నీలం టబ్బు బయటకు ఈడ్చాను. వక్క రంగువి రెండు వందల దాకా ఉంటాయి. గదిలో వెలుతురు చాలదు. బయట వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది, పెద్దది, మీద అడ్డం లేని ఎండ. ఒక మూల వడ్లు తీసేసి ఖాళీగా ఉంది. అక్కడ తెల్ల పంచె పరిచి, మధ్యలో ఆ ఎడమ చెయ్యి పెట్టి, ఒక్కో రీలు తుడిచి పక్కన ఆనించి చూడడం మొదలుపెట్టాం. ఇరవై రీళ్లు చూసేసరికి కళ్లు తిరిగాయి. ఎర్రవన్నీ మట్టి రంగుగా, మట్టివన్నీ ఎర్రగా కనిపించసాగాయి.

కళ్లంలో వడ్లు తిరగేసే ఆడవాళ్లు ఆరుగురు ఉన్నారు. రోజూ చూసుకునేవాళ్లం, పలకరించుకునేవాళ్లం. వాళ్లలో పెద్దావిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏంది పిల్లా, దుకాణం ఎండబోసినవా?"

"కలిసిపోయినయ్ పెద్దమ్మా, విడదియ్యాలె. ఈ చేతి మీదున్న రంగుకు సరిపోయేటివి కావాలె. నాలుగు దొరికితే సాలు."

ఆమె వంగి చూసింది. ఎడమ చేతిని ఒకసారి, రీళ్లను ఒకసారి.

"జర జరుగు. బియ్యంల మట్టిగడ్డలేరిన కండ్లివి. ఏయ్, రాండ్రే! వడ్లు ఎటు పోవు, ఎండల్నే ఉంటయ్."

ఆరుగురూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్లు చూసే పద్ధతి వేరు. నేను ఒక్కో రీలు చేతిలో పట్టుకుని చూస్తుంటే, వాళ్లు అన్నీ చాటలో పోసినట్టు పంచె మీద పరిచేశారు. పరిచి, కొంచెం వెనక్కి జరిగి, ఒక్కసారి మొత్తం చూస్తారు. అందులో ఏది వేరుగా ఉందో దాని మీదే చెయ్యి పడుతుంది. రంగును వెతకడం కాదు, తేడాను ఏరెయ్యడం. ఏరేసినవి ఒక పక్క, మిగిలినవి ఒక పక్క. మళ్లీ పరచడం, మళ్లీ ఏరెయ్యడం.

"ఇది గాదు, తియ్యి."

"గది ఎందుకు గాదు?"

"మొగమే వేరుందే దానిది. నీ సవితి మొగం లెక్క."

"నాకు సవితెక్కడిదత్తా!"

"ఉంటే గిట్లనే ఉంటది."

కోదాడక్క మొదటిసారి నవ్వింది.

మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. కారు దిగి, కళ్లంలో ఎనిమిది మంది ఆడవాళ్లం దారాల చుట్టూ కూర్చుని ఉండటం చూసి అక్కడే నిలబడిపోయింది. నేను లేచి జరిగింది చెప్పాను. ఆమె కూడా ఆ జాకెట్టు చూసింది. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి.

"ఇంత ఫరక్ ఉంటదా అక్కా?"

"ఉంటదమ్మా. ఎండల పెడితే ఉంటది. పెళ్లి ఫోటోలల్ల ఉంటది."

చెప్పులు విప్పి ఆమె కూడా కూర్చుంది. పట్టుచీర మడిచి కాళ్ల కింద పెట్టుకుని, రీళ్లు తుడిచి ఇచ్చింది. దానికి నేను ఎప్పటికీ ఆమెను గుర్తుపెట్టుకుంటాను.

కాసేపటికి పెద్దసారు వచ్చారు. కళ్లం ఆగిపోయిందని చూసి వచ్చారు.

"ఏందిది? వడ్లెవలు తిప్పుతరు?"

మేడమ్ లేవబోయింది. పెద్దావిడే అందుకుంది. ఆ మిల్లులో ఆమె పని మొదలుపెట్టి ముప్పై ఏళ్లు, ఆయనకు జవాబు చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

"సారూ, మీరు వడ్లగింజ నోట్ల ఏసుకొని కొరికి ఏ రకమో, ఎంత తేమున్నదో చెప్తరు గదా. మేము కొరికితే మాకేమన్న తెలుస్తదా? గీ పిల్ల దారం చూసి అట్ల చెప్తది. గంతే. కలిపిండ్రు, ఇప్పుడు ఏరుతున్నం. మీ వడ్లు మాపటికల్ల తిప్పుతం తియ్యిండ్రి."

ఆయన వంగి రెండు రీళ్లు తీసుకున్నారు. ఈసారి ఎండలో చూశారు. ఒకటి కింద పెట్టారు, ఇంకొకటి పెట్టారు. మేడమ్ ఆయన మొహం వైపే చూస్తోంది. ఆయన అన్నది ఇదీ:

"గా గదిల దుమ్ము బాగనే ఉన్నట్టుందమ్మా. రేపు ఒక పెద్ద ఫ్యాను పెట్టిస్త."

అంతే, వెళ్లిపోయారు.

మూడు గంటలకు మూడు రీళ్లు దొరికాయి. మూడే. టబ్బు రెండుసార్లు తిరగేశాం, నాలుగోది లేదు. కోదాడక్క కుడి చేతి మీద బెత్తెలతో కొలుచుకుంది. "మూడైతే అంచు రాదండి. అంచు లేకుండా ఇవ్వలేను" అంది.

నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. వాన పెట్టె. చీర కొంగు. మెట్లు. ఆ పెట్టెలోంచి వక్క రంగు ఎవరెవరికి పంపాను? కోదాడ, అయిదు. హుజూర్‌నగర్ ఒకావిడ, పన్నెండు, ఆమె ఎప్పుడో వాడేసి ఉంటుంది, వారానికి రెండు జాకెట్లు కుడుతుంది. నేరేడుచర్ల. అవును, నేరేడుచర్లలో పట్టుదారం గాజులు చేసే ఆవిడ, రెండు రీళ్లు. ఆమె చెప్పిన మాట చెవిలో వినిపించింది, "వక్క రంగు గాజులు ఎవరూ అడుగుతలేరక్కా, రెండు రీళ్లు ఎందుకు తెప్పించిన్నో."

దుకాణం పాత ఫోను మేడమ్ దగ్గరే ఉంది, దాంట్లోంచే చేశాను. "చెల్లె, నేను దారం అక్కను."

"అక్కా! ఏడికి పోయినవ్ ఇన్ని రోజులు? నీ నంబరుకు మెసేజ్ పెడితే ముఖ్యం ముఖ్యం అని వస్తున్నది."

"తర్వాత చెప్త. వక్క రంగు రీళ్లున్నయా, వాడినవా?"

"ఒకటి విప్పిన. ఒకటి విప్పనే లేదు, డబ్బాలనే ఉంది."

కోదాడ బస్సు నేరేడుచర్ల మీదుగానే పోతుంది. గాజులావిడ బస్టాండుకు వచ్చి, కిటికీలోంచి ఆ రీలు అందించింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదట. "దారం అక్కకు చెప్పు, నాకు ఆకుపచ్చ కావాలని" అందట. ఇవన్నీ కోదాడక్క బస్సులోంచే ఫోన్ చేసి చెప్పింది. ఇంటికి వెళ్లి మట్టి రంగు ఆకులు మూడూ విప్పి, రాత్రంతా కూర్చుని మళ్లీ కుట్టి, చెయ్యి అంచుతో సహా పూర్తి చేసింది. మరునాడు పెళ్లికూతురు తల్లి వచ్చి చూసి, జాకెట్టు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, ఏమీ అనకుండా మడిచిందట. తప్పు కనబడకపోతే మాట అనని మనుషులు కొందరుంటారు. బుధవారం టైలర్ దగ్గరికి చేరింది. శుక్రవారం పెళ్లి అయింది. ఫోటో పంపింది. తలంబ్రాలు పోసే ఫోటో, పెళ్లికూతురు రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. నేను ఆ ఫోటోను ఎండలోకి తీసుకెళ్లి చూశాను.

మిల్లులో మాటకు తగ్గట్టే పెద్ద ఫ్యాను వచ్చింది. దుమ్ము పోవడానికి పెట్టిన ఫ్యాను దుమ్మునంతా లేపి, ఊకను తెచ్చి కుందన్ల వెనక ఉండే జిగురుకు అంటించింది. కుందన్లకు మీసాలు మొలిచినట్టు ఉండేది. వాటిని కొన్నవాళ్లు ఫోటోలు తీసి, దుకాణం పేజీలో పెట్టారు. మేడమ్ రాత్రికి రాత్రి పాత ఫోను నాకు తిరిగి ఇచ్చింది, డబ్బాలు మళ్లీ కొనిపించింది. నేను, కళ్లం ఆడవాళ్లు కలిసి ముప్పై ఏడు ఒక్కటి కాదు, అన్ని నంబర్లూ ఏరాం, వానాకాలం పంట కళ్లానికి వచ్చేదాకా ఏరుతూనే ఉన్నాం. పీలికలు మళ్లీ కట్టాను. కానీ ఫోను మోగలేదు. వెళ్లిపోయిన గొంతులు వేరే చోట కొనుక్కోవడం అలవాటు చేసుకున్నాయి. ఆ తర్వాతి ఉగాదిలోపే దుకాణం మూసేశారు. మేడమ్ ఇప్పుడు మిల్లు ఆఫీసులోనే కూర్చుంటుంది. ఆమె ఎవరినీ నిందించలేదు, నేనూ నిందించను.

దుకాణం మూశాక ఒకసారి కోదాడ వెళ్లాను. కిటికీ పక్కన అప్పటికే రెండు మగ్గాలున్నాయి. రెండోదాని ముందు పాత దుకాణంలోంచి వచ్చిన ఒకమ్మాయి కూర్చుంది. గోడకు రేకు డబ్బాలు, ఒక్కో దానికి ఒక్కో పీలిక. నేను చూసి నవ్వాను.

"మీరు నేర్పిందేనండి," అంది. "కానీ ఒక మాట అక్కా, ఏమీ అనుకోకండి. ఆ జాకెట్టు తర్వాత మీ దగ్గర మళ్లీ కొనలేదు. మీ మీద కోపం కాదు. భయం. విజయవాడ వెళ్లి ఎండలో చూసి తెచ్చుకుంటున్నాను."

"నేనైనా గదే చేస్తుంటి" అన్నాను.

అది నిజం. ఆమె మగ్గం నిలబడింది. దానికి నేను పెట్టిన ముడి నేనే విప్పాల్సి వచ్చింది, విప్పాను. అందులో గొప్ప ఏమీ లేదు. ఇంకో పని వచ్చింది, ఆ రోజే అడిగింది, విజయవాడ వెళ్లినప్పుడు తోడు వస్తారా, మీ కళ్లు కావాలని. నెలకొకసారి వెళ్తున్నాం. సూర్యాపేటలో నేను బస్సెక్కి కోదాడలో దిగితే, ఆమె అక్కడ ఎక్కుతుంది. దారాల కొట్లో కౌంటరు దగ్గర నిలబడం, రీళ్లు పట్టుకుని గుమ్మం బయటికి వస్తాం. కొట్టువాళ్లు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే బయట ఒక స్టూలు వేస్తున్నారు.

అదీ సంగతి. ఇంతసేపు నా పక్కన కూర్చున్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా చివరి అంచు దాకా దారం సరిపోవాలి. మీ ఇంటి ఎడమ చేతికి కుడి చెయ్యి ఎప్పుడూ జతగా ఉండాలి. మీ పిల్లల మొహాలు ట్యూబులైటు కిందా, ఎండలోనూ ఒకే రంగులో వెలగాలి.